క్యాంపస్ గోడ మీద ఎవరి మాట ఉండాలి? వివాదాస్పద ప్రకటనల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ నుంచి గుంటూరుకు హైవే మీద వెళ్తుంటే దారి పొడవునా ప్రకటనలే. ర్యాంకులు, ప్యాకేజీలు, వీసాలు, గ్యారంటీ ఉద్యోగాలు. అదే దారిలో ఏ క్యాంపస్‌లోకైనా వెళ్లి, విద్యార్థులు తమంతట తాము రాసుకున్న పోస్టర్ ఒక్కటి కనబడుతుందేమో చూడండి. చాలాచోట్ల కనబడదు, కనబడినా సాయంత్రానికి ఉండదు. డబ్బు కట్టి చెప్పే అబద్ధాన్ని ఎవరూ ఆపరు. డబ్బు లేకుండా చెప్పే అభిప్రాయాన్ని గంటలో చించేస్తారు. మన విద్యాసంస్థలు ఆపాల్సినదాన్ని వదిలేసి, వదిలేయాల్సినదాన్ని ఆపుతున్నాయని నా గట్టి నమ్మకం.

గుంటూరులో జర్నలిజం విద్యార్థులకు మీడియా చట్టాలు చెబుతుంటాను. విద్యార్థులు, లెక్చరర్లు, అప్పుడప్పుడు పరిపాలనలో ఉన్నవాళ్లు నన్ను అడిగే ప్రశ్నల్లో ముఖ్యమైనవి ఇక్కడ పెట్టాను. కేసు దాకా వెళ్లే పరిస్థితి ఉంటే మాత్రం కాగితాలన్నీ తీసుకుని లాయర్‌ను కలవండి.

ప్రశ్న: వివాదాస్పద ప్రకటనల్లో రకాలు ఉంటాయా?

ఉంటాయి. వాటిని కలిపేయడంతోనే చిక్కంతా మొదలవుతుంది.

మొదటిది అమ్మకం కోసం చేసే ప్రకటన: కోచింగ్ సెంటర్, హాస్టల్, కూల్‌డ్రింక్, విదేశీ చదువుల కన్సల్టెన్సీ. రెండోది అభిప్రాయం చెప్పే ప్రకటన: రాజధాని భూముల మీద చర్చకు రమ్మనే పోస్టర్, రిజర్వేషన్ల మీద కరపత్రం, మెస్‌లో తిండి బాగోలేదని అంటించిన కాగితం, ఒక పార్టీనో మత ఆచారాన్నో విమర్శించే గోడపత్రిక. మొదటిదాన్ని చూసినప్పుడు అందులో చెప్పింది నిజమేనా అని అడగాలి. రెండోదాన్ని చూసినప్పుడు, ఇది ఎవరి మీదికైనా జనాన్ని ఉసిగొల్పుతోందా, అబద్ధం చెప్పి ఎవరి పరువైనా తీస్తోందా అని అడగాలి. నాకు నచ్చిందా లేదా అని అడగాల్సిన అవసరం రెండింటి విషయంలోనూ లేదు.

ప్రశ్న: వ్యాపార ప్రకటనకు కూడా రాజ్యాంగ రక్షణ ఉంటుందా? వాళ్లు డబ్బు కోసం చేస్తున్నారు కదా?

ఉంటుంది, కానీ హద్దులతో. 1954లో మందులు, మాయ చికిత్సల ప్రకటనలను అదుపు చేసే చట్టం వచ్చింది. దాన్ని సవాలు చేసిన హమ్దర్ద్ దవాఖానా కేసులో, అలాంటి మందుల అమ్మకం కోసం ఇచ్చే ప్రకటన భావ ప్రకటనా స్వేచ్ఛ కిందికి రాదని సుప్రీంకోర్టు 1959 చివర్లో చెప్పింది. ముప్ఫై అయిదేళ్ల తర్వాత, 1995లో, టాటా ప్రెస్ కేసులో అదే కోర్టు మరో మెట్టు ఎక్కింది. వ్యాపార ప్రకటన కూడా భావ ప్రకటనా స్వేచ్ఛనిచ్చే 19(1)(ఎ) అధికరణ కిందికే వస్తుందని, ప్రకటన ఇచ్చేవాడికే కాదు, దాన్ని చదివి సమాచారం తెలుసుకునే జనానికీ హక్కుందని అంది. మోసం చేసే, తప్పుదోవ పట్టించే, అబద్ధపు ప్రకటనలకు మాత్రం ఆ రక్షణ లేదని అక్కడే స్పష్టం చేసింది.

ఆ చివరి మాట మన ఊళ్లకు చాలా ముఖ్యం. ర్యాంకుల ప్రకటనల ప్రశ్నలో మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

ప్రశ్న: ఏ కారణాలతో ఒక అభిప్రాయాన్ని ఆపవచ్చు?

19(2) అధికరణలో ఉన్న కారణాలతో మాత్రమే: దేశ సార్వభౌమాధికారం, సమగ్రత, దేశ భద్రత, విదేశాలతో స్నేహ సంబంధాలు, శాంతిభద్రతలు, సభ్యత, నైతికత, కోర్టు ధిక్కారం, పరువు నష్టం, నేరానికి ప్రేరేపించడం. ఆ జాబితా అక్కడితో అయిపోయింది. 1951లో మొదటి రాజ్యాంగ సవరణ కొన్ని కారణాలను చేర్చింది, అయితే ఆంక్ష సహేతుకంగా ఉండాలన్న షరతు కూడా అప్పుడే పెట్టింది. సార్వభౌమాధికారం, సమగ్రత అన్న కారణం 1963లో చేరింది.

సంస్థ పేరు పాడవుతుందన్న కారణం అందులో లేదు. తల్లిదండ్రులు ఫోన్లు చేస్తారన్నదీ లేదు. కాలేజీలకు గ్రేడ్లు ఇచ్చే న్యాక్ బృందం వస్తోంది కాబట్టి గోడలు శుభ్రంగా ఉండాలన్నదీ లేదు. శుభ్రం కోసం గోడల మీద ఎవరూ ఏదీ అంటించకూడదని అందరికీ ఒకేలా నియమం పెడితే, దానికి బదులు బోర్డులు ఇస్తే, అది వేరే సంగతి. అలాంటి నియమాన్ని నేనూ సమర్థిస్తాను.

ఇంకొకటి గుర్తుంచుకోండి. 19(2) కింద ఆంక్ష పెట్టాలంటే దాని వెనక ఒక చట్టం ఉండాలి. సెక్యూరిటీ గార్డుకు ఫోన్ చేసి తీసేయమని చెప్పిన నోటిమాట చట్టం కాదు.

ప్రశ్న: పోస్టర్ ఉంటే గొడవలవుతాయని మా ప్రిన్సిపాల్ గారు అంటున్నారు. ఆయన భయం నిజమే కదా?

భయం నిజమే. స్థానిక నాయకుడి దగ్గర్నుంచి ఫోన్ వస్తుంది, రెండు సంఘాల కుర్రాళ్లు గేటు దగ్గర చేరతారు, మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో వస్తుంది. ఆ కుర్చీలో కూర్చున్నవారి టెన్షన్ నాకు అర్థమవుతుంది. కానీ ఆ భయానికి ఎవరు మూల్యం చెల్లిస్తున్నారో చూడాలి.

రిజర్వేషన్ విధానాన్ని విమర్శించిన ఒక తమిళ సినిమాను ఆపాలని కేసు నడిచినప్పుడు, 1989లో ఎస్. రంగరాజన్ తీర్పులో సుప్రీంకోర్టు దీనికే జవాబిచ్చింది. మాటకూ ప్రమాదానికీ మధ్య సంబంధం దగ్గరగా, నేరుగా ఉండాలి, మందుగుండు డబ్బాలో నిప్పురవ్వ పడ్డట్టు ఉండాలి అంది. ఊరేగింపులు చేస్తాం, హింసకు దిగుతాం అని ఎవరో బెదిరిస్తే ఆ బెదిరింపు చూసి మాట్లాడేవాడి నోరు మూయించకూడదని, మాట్లాడేవాడిని కాపాడటం ప్రభుత్వం బాధ్యతని చెప్పింది. 2015లో శ్రేయా సింఘాల్ తీర్పు ఆన్‌లైన్‌లో ఇబ్బంది పెట్టే రాతలను నేరంగా చూసిన ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్‌ను కొట్టేస్తూ, చర్చించడం, వాదించడం, రెచ్చగొట్టడం మూడూ వేర్వేరని, మూడోదానికి చేరినప్పుడే చట్టం చెయ్యి వేయాలని విడమరిచింది. 2025 మార్చిలో ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో సుప్రీంకోర్టు, ఒక మాట ప్రభావాన్ని దృఢ మనస్కులైన, నిలకడ గల మనుషుల దృష్టితో కొలవాలని, ప్రతి విమర్శనూ ముప్పుగా చూసేవారి దృష్టితో కాదని గుర్తు చేసింది.

బెదిరించినవాడి మాట నెగ్గితే వచ్చే ఏడాది బెదిరించేవాళ్లు పెరుగుతారు. ప్రిన్సిపాల్ గారు చేయగలిగింది ఒకటుంది: రెండో పక్షాన్ని పిలిచి, అదే బోర్డు మీద, అంతే జాగాలో జవాబు పోస్టర్ పెట్టుకోమనడం. గోటితో పోయేదానికి గొడ్డలి అక్కర్లేదు.

ప్రశ్న: మాది ప్రైవేటు యూనివర్సిటీ. ఇవన్నీ మాకు వర్తిస్తాయా?

నాగార్జున యూనివర్సిటీ లాంటి ప్రభుత్వ యూనివర్సిటీ రాజ్యాంగం 12వ అధికరణ ప్రకారం రాజ్యం కిందికి వస్తుంది, ప్రాథమిక హక్కులు నేరుగా వర్తిస్తాయి. అమరావతి ప్రాంతంలో వచ్చిన ప్రైవేటు యూనివర్సిటీలు, చుట్టుపక్కల ఉన్న డీమ్డ్ యూనివర్సిటీల పరిస్థితి అంత తేలిక కాదు. ప్రజలకు సంబంధించిన బాధ్యత నిర్వర్తించే ప్రైవేటు సంస్థ మీద కూడా 226వ అధికరణ కింద హైకోర్టుకు వెళ్లే వీలుంది. 2023 జనవరిలో కౌశల్ కిశోర్ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, 19, 21 అధికరణల హక్కులను (భావ ప్రకటన లాంటి స్వేచ్ఛలు, జీవించే హక్కు) ప్రభుత్వేతరుల మీద కూడా అమలు చేయవచ్చని మెజారిటీ తీర్పుగా చెప్పింది. విద్యార్థి పోస్టర్ కేసులో దాన్ని ఎంత దూరం తీసుకెళ్లవచ్చన్నది కోర్టుల్లో ఇంకా తేలాల్సి ఉంది. కాబట్టి ప్రైవేటులో చదివేవాళ్లు కోర్టు కంటే ముందు తమ సంస్థ సొంత నియమావళిని, యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) నిబంధనలను పట్టుకోవడం మంచిది. అడ్మిషన్ రోజున మీ చేత సంతకం పెట్టించిన కాగితాల్లో ఏముందో ఒకసారి తీసి చదవండి.

ప్రశ్న: నోటీసు బోర్డు మీద పెట్టే ప్రతి పోస్టర్‌కూ ముందే స్టాంపు వేయించుకోవాలంటున్నారు. ఇది సరైనదేనా?

స్టాంపు దేని కోసం అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. బోర్డు యూనివర్సిటీది. ఎంత సైజు, ఏ బోర్డు, ఎన్ని రోజులు, అన్న నియమాలు అది పెట్టుకోవచ్చు. అలాంటి స్టాంపు క్యూలో నంబరు లాంటిది, ఎవరొచ్చినా పడాలి. కానీ మన దగ్గర స్టాంపు వేసే మనిషి ముందు విషయం చదువుతాడు, తర్వాత పై అధికారికి చూపిస్తాడు, ఆయన రేపు రమ్మంటాడు, ఈలోగా సభ తేదీ దాటిపోతుంది. కాదని ఎవరూ కాగితం మీద రాయరు. నా దృష్టిలో మన క్యాంపస్‌లలో ఎక్కువగా జరిగే సెన్సార్ ఇదే: ఎక్కడా కనబడదు, ఎవరి సంతకమూ ఉండదు.

ఏ సంస్థయినా నన్ను సలహా అడిగితే ఇలా రాయమంటాను. విద్యార్థులకు కొన్ని బోర్డులు పూర్తిగా వదిలేయాలి. పోస్టర్ సైజు, అది ఉండే వారం రోజుల గడువు ముందే చెప్పాలి. తేదీ పడ్డాక ఎవరూ ముట్టుకోకూడదు. ఏదైనా తీసేయాలంటే ఏ నియమం కింద తీశారో ఒక వాక్యం రాసి, సంతకం పెట్టి, ఖాళీ అయిన చోట అంటించాలి. ఆ ఒక్క వాక్యం రాయాల్సి వస్తే సగం పోస్టర్లను తీయరు, ఎందుకంటే రాయడానికి కారణం దొరకదు.

పేరు విషయంలో జాగ్రత్త అవసరం. పోస్టర్ కింద పేరు, రోల్ నంబరు రాయమంటే విద్యార్థి వెనక్కి తగ్గుతాడు. ఇంటర్నల్ మార్కులు, హాల్ టికెట్, చివర్లో టీసీ, అన్నీ వాళ్ల చేతుల్లో ఉన్నాయి కదా అన్న భయం. పేరు స్టూడెంట్ వెల్ఫేర్ డీన్ దగ్గర కవరులో ఉంచి, బోర్డు మీద సంఘం పేరో తరగతి పేరో రాయనిస్తే చాలు.

ప్రశ్న: కాలేజీలు, కోచింగ్ సెంటర్ల ర్యాంకుల ప్రకటనలు వివాదాస్పదం అవుతాయా? అందరూ వేసేవే కదా?

అందరూ వేస్తున్నారు కాబట్టే దీని గురించి ఎక్కువ రాస్తున్నాను.

ఫలితాలు వచ్చిన మర్నాడు విజయవాడ బందరు రోడ్డు మీద, గుంటూరు బ్రాడీపేటలో, పేపర్ల మొదటి పేజీల్లో ఒకే ముఖం రెండు మూడు సంస్థల ప్రకటనల్లో కనబడుతుంది. ఆ పిల్ల ఒకచోట రెగ్యులర్‌గా చదివి ఉంటుంది, ఇంకోచోట టెస్ట్ సిరీస్ మాత్రమే రాసి ఉంటుంది. ఫొటో పక్కన అది రాయరు. పది ర్యాంకులు చెబుతారు, ఆ పరీక్ష తమ దగ్గర్నుంచి ఎంతమంది రాశారో చెప్పరు. ఇంజినీరింగ్ కాలేజీ ప్లేస్‌మెంట్ ప్రకటనలో అత్యధిక ప్యాకేజీ పెద్దక్షరాల్లో ఉంటుంది, మధ్యస్థంగా ఎంత వచ్చిందో ఎక్కడా ఉండదు. పొలం తాకట్టు పెట్టి ఫీజు కట్టే తండ్రి చదివేది ఆ పెద్దక్షరాలనే.

దీన్ని ఆపడం సెన్సార్ కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ, అంటే సీసీపీఏ, తప్పుదోవ పట్టించే ప్రకటనకు మొదటిసారి 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయవచ్చు. 2024 నవంబరులో కోచింగ్ రంగానికి ప్రత్యేకంగా మార్గదర్శకాలు వచ్చాయి. వాటి ప్రకారం విద్యార్థి నెగ్గిన తర్వాత, రాతపూర్వక అంగీకారం తీసుకునే అతని పేరు, ఫొటో వాడాలి. చేరేటప్పుడే పెట్టించుకున్న సంతకం చెల్లదు. ఆ విద్యార్థి ఏ కోర్సు చదివాడో, ఎంతకాలం చదివాడో, ఫీజు కట్టి చేరాడా లేదా అన్నదీ చెప్పాలి. ఉద్యోగం గ్యారంటీ, సీటు గ్యారంటీ అనే మాటలు కుదరవు. ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

యూనివర్సిటీ తన సొంత ప్రాస్పెక్టస్‌లో అబద్ధం రాస్తే? విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కారం మీద యూజీసీ 2023లో తెచ్చిన నిబంధనల ప్రకారం అది కూడా ఫిర్యాదు చేయదగ్గ విషయమే. ఇది చాలామంది విద్యార్థులకు తెలియదు.

ప్రశ్న: ఫెస్ట్‌కు స్పాన్సర్‌గా ఏ కంపెనీ వచ్చినా తీసుకోవచ్చా?

లేదు. పొగాకు ఉత్పత్తుల ప్రకటనలను 2003 చట్టం నిషేధించింది, విద్యాసంస్థకు 100 గజాల లోపల అమ్మకం కూడా నేరమే. మద్యం కంపెనీ అదే పేరుతో సోడా, మ్యూజిక్ సీడీ అంటూ వస్తే అది దొడ్డిదారి ప్రకటన. 2022 జూన్‌లో సీసీపీఏ మార్గదర్శకాలు దాన్నీ కాదన్నాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల ప్రకటనలను 2025లో పార్లమెంట్ చేసిన చట్టం నిషేధించింది. ఆంధ్రప్రదేశ్ అయితే 2020లోనే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్లను నిషేధించే సవరణ తెచ్చింది. బెట్టింగ్ యాప్‌లలో డబ్బు పోగొట్టుకుని హాస్టల్ గదిలో ఎవరికీ చెప్పుకోలేక కుమిలిపోయే కుర్రాళ్లు ఉన్నారు. స్టేజీ వెనక ఆ యాప్ బ్యానర్ కట్టడానికి స్వేచ్ఛ పేరు వాడుకోవద్దు.

ప్రశ్న: డిసెంబరు 1న ఎయిడ్స్ దినం సందర్భంగా కండోమ్ బొమ్మతో పోస్టర్ పెడితే అసభ్యమని తీసేశారు. ఏం చేయాలి?

ఆరోగ్య సమాచారం అసభ్యం కాదు. 2014లో అవీక్ సర్కార్ కేసులో సుప్రీంకోర్టు, ఒక బొమ్మ అసభ్యమా కాదా అన్నది నేటి సమాజపు ప్రమాణాలతో, మొత్తం సందేశాన్ని కలిపి చూసి తేల్చాలని చెప్పింది. అసభ్యతను శిక్షించే భారతీయ న్యాయ సంహిత 294వ సెక్షన్‌లోనే, విజ్ఞానం, సాహిత్యం, కళ, చదువు లాంటి ప్రజా ప్రయోజనం కోసం ప్రచురించినదానికి మినహాయింపు ఉంది. డాక్టర్లను తయారుచేసే ఆరోగ్య విశ్వవిద్యాలయం విజయవాడలోనే ఉంది, ఎన్ఎస్ఎస్ ప్రోగ్రామ్ ఆఫీసర్ చేత ఒక డాక్టర్ గారిని పిలిపించి అదే పోస్టర్‌ను ఆయన ఉపన్యాసంతో కలిపి మళ్లీ పెట్టించండి. సిగ్గుపడి ఆపిన సమాచారం వల్ల నష్టపోయేది ఇరవై ఏళ్ల పిల్లలు.

స్త్రీని వస్తువుగా చూపించే డియోడరెంట్, ఫెయిర్‌నెస్ క్రీమ్ తరహా ప్రకటనల సంగతి వేరు. మహిళలను అసభ్యంగా చూపడాన్ని నిషేధిస్తూ 1986 చట్టం ఉంది. చట్టానికి అందనివాటి మీద ప్రకటనల ప్రమాణాల మండలికి ఫిర్యాదు చేయవచ్చు. 1985 నుంచి పనిచేస్తున్న ఆ మండలి ప్రకటనల పరిశ్రమ తనకు తానుగా పెట్టుకున్నది. టీవీ ప్రకటనలు దాని నియమావళిని పాటించాలని కేబుల్ టీవీ నిబంధనలు కూడా చెబుతాయి.

ప్రశ్న: మేము విద్యార్థి పత్రిక నడుపుతున్నాం. ఒక ప్రకటన వేయం అంటే మేమే సెన్సార్ చేసినట్టా?

కాదు. ఏది వేయాలో తేల్చుకోవడం సంపాదకుల హక్కు. పైనుంచి రిజిస్ట్రార్ వచ్చి ఇది వేయొద్దంటే అది వేరే.

ఈ విషయంలో అమెరికా యూనివర్సిటీల అనుభవం తెలుసుకోవాలి. 1991లో బ్రాడ్లీ స్మిత్ అనే వ్యక్తి, హిట్లర్ కాలంలో యూదుల మీద జరిగిన మారణహోమాన్ని అబద్ధమని వాదించే పూర్తి పేజీ ప్రకటనను విద్యార్థి పత్రికలకు డబ్బు కట్టి పంపడం మొదలుపెట్టాడు. డ్యూక్, కార్నెల్, మిషిగన్ విద్యార్థి పత్రికలు వేశాయి, హార్వర్డ్, యేల్ పత్రికలు నిరాకరించాయి. వేసినవాళ్లు స్వేచ్ఛ అన్నారు, వేయనివాళ్లు అబద్ధానికి జాగా అమ్మం అన్నారు. రెండు నిర్ణయాలూ విద్యార్థులే తీసుకున్నారు. 2001లో డేవిడ్ హోరోవిట్జ్ మరో ప్రకటన పంపాడు. బానిసత్వానికి నల్లజాతివారికి పరిహారం ఇవ్వకూడదని అందులో వాదన. బ్రౌన్ యూనివర్సిటీలో విద్యార్థి పత్రిక దాన్ని వేస్తే, కొందరు విద్యార్థులు ఆ రోజు ప్రతులను పంచే చోట్ల నుంచి ఎత్తుకుపోయారు. బర్క్‌లీలో పత్రిక వేసి, తర్వాత క్షమాపణ చెప్పింది.

మొదటిదాన్ని నేను వేయను. అది అభిప్రాయం ముసుగు వేసుకున్న చారిత్రక అబద్ధం, ఇంట్లో మనుషులను పోగొట్టుకున్నవాళ్లను అవమానించేది. రెండోదాన్ని నాకు నచ్చకపోయినా వేస్తాను, ఎందుకంటే పరిహారం ఇవ్వాలా వద్దా అన్నది విధానం మీద చర్చ, దానికి జవాబు చెప్పవచ్చు. ఆ పక్కపేజీలో జవాబుకు ఉచితంగా జాగా ఇస్తాను. ప్రతులు ఎత్తుకుపోవడం మాత్రం ఎవరు చేసినా సెన్సారే, మంచి కారణానికి చేసినా సరే.

మద్యం ప్రకటనల విషయంలో కూడా అక్కడ కేసు నడిచింది. పెన్సిల్వేనియా రాష్ట్రం కాలేజీ పత్రికల్లో మద్యం ప్రకటనలను కట్టడి చేస్తే, పిట్స్‌బర్గ్ యూనివర్సిటీ విద్యార్థి పత్రిక కోర్టుకెక్కి 2004లో నెగ్గింది. ఆ తీర్పు రాసిన శామ్యూల్ అలిటో తర్వాత సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యారు. మన చట్టం మద్యం ప్రకటనల విషయంలో అలా లేదు, కాబట్టి ఆ తీర్పు చూపించి ఇక్కడ వాదించకండి.

మీ పత్రికకు రెండు నియమాలు చాలు. డబ్బు తీసుకుని వేసిన ప్రతిదాని మీదా ప్రకటన అని, ఇచ్చినవారి పేరుతో సహా రాయాలి. వేయనని చెప్పినప్పుడు ఎందుకో వాళ్లకు రాసివ్వాలి.

ప్రశ్న: కులాన్ని, మతాన్ని విమర్శించే పోస్టర్?

కుల వ్యవస్థను, ఒక ఆచారాన్ని, ఒక మత సంస్థ చేసిన పనిని ఎంత ఘాటుగానైనా విమర్శించవచ్చు. ఆ కులంలో, మతంలో పుట్టినవాళ్లను వెలివేయమనో కొట్టమనో రాస్తే అది వర్గాల మధ్య శత్రుత్వం పెంచడాన్ని శిక్షించే న్యాయ సంహిత 196వ సెక్షన్ దాకా వెళ్తుంది. మన హాస్టళ్లలో గదులు కూడా కులాల వారీగా చీలిపోతున్నాయని చెప్పుకోవడానికి బాధగా ఉంటుంది. దాని మీద మాట్లాడే పోస్టర్‌ను తీసేస్తే ఆ చీలిక పోదు.

ప్రశ్న: ఎన్నికలప్పుడు?

ఎన్నికల కరపత్రం, పోస్టర్ ఏదైనా ప్రింటర్ పేరు, ప్రచురించినవారి పేరు, చిరునామాలు లేకుండా అచ్చు వేస్తే ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ కింద ఆరు నెలల దాకా జైలు గానీ, 2,000 రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. 2025 ఫిబ్రవరిలో కృష్ణా-గుంటూరు పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నిక లాంటి సమయాల్లో ఓటర్లు క్యాంపస్‌ల నిండా ఉంటారు కాబట్టి ఇది ప్రెస్ వాళ్లకూ, విద్యార్థి సంఘాలకూ తెలిసి ఉండాలి. విద్యార్థి సంఘ ఎన్నికలు జరిగితే, ఆ ఎన్నికల తీరు మీద వేసిన లింగ్డో కమిటీ నియమాలు వర్తిస్తాయి. సుప్రీంకోర్టు 2006లో ఆమోదించిన ఆ నియమాల ప్రకారం అచ్చు పోస్టర్లు కుదరవు, చేత్తో రాసినవే, అదీ చూపించిన చోట్లలోనే. అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు. చేత్తో రాసిన పోస్టర్‌కు డబ్బున్నవాడికీ లేనివాడికీ తేడా ఉండదు, ఆ నియమం నాకు చాలా ఇష్టం.

ప్రశ్న: ఇలాంటి స్వేచ్ఛ పాశ్చాత్యుల ఆలోచన, మన దగ్గర చదువుకునే పిల్లలకు ఎందుకు అంటున్నారు. ఏమని చెప్పాలి?

గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారి పేరు చెప్పండి. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చిన రోజుల్లో కాలేజీ విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని తరగతులకు వచ్చారు. అక్కడ ట్రైనింగ్ కాలేజీలో చదువుతున్న హరిసర్వోత్తమరావు గారిని బహిష్కరించారు. ఆయన మరుసటి ఏడాది బెజవాడ నుంచి స్వరాజ్య అనే వారపత్రిక నడిపారు. అందులో రాసిన రాతకు రాజద్రోహం కింద మూడేళ్ల జైలు శిక్ష పడింది. చొక్కాకు పెట్టుకున్న ఒక చిన్న బిళ్లను చూసి భయపడింది ఆనాటి కాలేజీ యాజమాన్యం. క్యాంపస్‌లో మాట్లాడే హక్కు కోసం ఇక్కడివాళ్లు పడ్డ కష్టం అది.

తర్వాతి కాలంలో చూస్తే, 1986లో బిజో ఇమ్మానుయేల్ కేసు. జాతీయ గీతం పాడేటప్పుడు మర్యాదగా నిలబడి, మత విశ్వాసం వల్ల పాడకుండా ఉన్న ముగ్గురు కేరళ పిల్లలను బడి నుంచి పంపేశారు. సుప్రీంకోర్టు వాళ్లను తిరిగి చేర్చుకోమంది. మౌనానికి కూడా రక్షణ ఉన్నప్పుడు పోస్టర్‌కు ఉండదా?

ప్రశ్న: గేటు బయట ఫ్లెక్సీల సంగతి?

అది యూనివర్సిటీ పరిధి కాదు, నగరపాలక సంస్థదో పంచాయతీదో అనుమతి ఉండాలి. బహిరంగ స్థలాలను పాడుచేయడాన్ని, అసభ్య పోస్టర్లను నిషేధిస్తూ 1997లో ఉమ్మడి రాష్ట్రంలో చేసిన చట్టం కూడా ఉంది.

ప్రశ్న: మా పోస్టర్ తీసేశారు. మొదట ఏం చేయాలి?

పోస్టర్ పెట్టగానే తేదీ కనబడేలా ఫొటో తీసుకుని ఉంచుకోండి. తీసేశాక వాగ్వాదానికి దిగకుండా, ఏ నియమం కింద తీశారో చెప్పమని హెచ్ఓడీకి గానీ రిజిస్ట్రార్‌కు గానీ ఒక పేజీ అర్జీ ఇచ్చి, నకలు మీద రసీదు వేయించుకోండి. ప్రభుత్వ యూనివర్సిటీ అయితే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి పోస్టర్ల నియమాల నకలు అడగండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. తర్వాత విద్యార్థుల ఫిర్యాదుల కమిటీకి వెళ్లండి. 2023 యూజీసీ నిబంధనల ప్రకారం అది 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. దాంతో తృప్తి లేకపోతే యూనివర్సిటీ అంబుడ్స్‌పర్సన్‌కు, అంటే ఫిర్యాదుల మీద అప్పీళ్లు వినే అధికారికి, అప్పీలు చేసుకోవచ్చు. ఆ పదవిలో ఎవరున్నారో వెబ్‌సైట్‌లో పెట్టాలి. పెట్టకపోతే అదే మీ రెండో ఫిర్యాదు.

ఒక్కరే వెళ్లకండి, కనీసం ఇద్దరు ముగ్గురు కలిసి సంతకాలు పెట్టండి. మాట్లాడే లెక్చరర్ ఒకరు తోడుంటే ఇంకా మంచిది.

ప్రశ్న: హైకోర్టు దాకా వెళ్లాల్సి వస్తే డబ్బు ఎక్కడినుంచి తేవాలి?

హైకోర్టు నేలపాడులోనే ఉంది, దూరం సమస్య కాదు. ఖర్చు విషయానికొస్తే, 1987 న్యాయ సేవల చట్టం కింద మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. మిగతావారికి ఆదాయ పరిమితి ఉంటుంది. జిల్లా కోర్టు ప్రాంగణంలోని న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వండి, లేదా 15100కు ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు పోస్టర్ ఫొటో, రసీదు పడ్డ అర్జీ నకలు, కమిటీ జవాబు ఒకే ఫైల్లో పెట్టుకుని వెళ్లండి.